మా నాన్న అమ్మకి జడ వేస్తున్నాడు. అసలు మనుషులు ఒకరినొకరు ఎందుకు ప్రేమిస్తారు?

నంద్యాల_పిల్ల · శుక్రవారం, రాత్రి 10:48

అందరికీ నమస్తే. బెంగళూరు తెలుగువాళ్లం ఇక్కడ ఎక్కువగా ఇంటి అద్దెలు, పీజీలు, పండక్కి ఊరెళ్లే బస్సుల గురించే అడుగుతుంటాం. ఈసారి వేరే సంగతి. బోర్ కొడితే వదిలేయండి.

మాది నంద్యాల. నేను కగ్గదాసపురలో ఉంటాను, వయసు 31. నెలన్నర కిందట అమ్మ నన్ను చూడటానికొచ్చి బాత్రూమ్‌లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. నాన్న ఆ రాత్రే బస్సెక్కి తెల్లారేసరికి దిగాడు.

నాన్న బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్లయి 34 ఏళ్లు. నాకు ఊహ తెలిశాక ఆయన అమ్మని పేరు పెట్టి పిలవగా వినలేదు. 'ఏమే', 'ఇదిగో', అంతే. పప్పులో ఉప్పు దగ్గర మొదలై టీవీ సౌండ్ దాకా రోజుకో గొడవ.

వచ్చిన మొదటి రోజు నేను ఆఫీసు హడావిడిలో ఉన్నాను. అమ్మ జుట్టు విరబోసుకుని కూర్చుంది. నాన్న దువ్వెన తీసుకున్నాడు. జడకి మూడు పాయలని ఆయనకి తెలీదు. రెండే తీసి తాడు పేనినట్టు పేనాడు. మధ్యాహ్నానికే ఊడిపోయింది. మర్నాడు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఆ మూడోది ఎటు నుంచి రావాల?" అని అడిగాడు. చార్జింగ్ వైరు, చున్నీ, టవలు పెట్టి నేర్పించాను. వారం తిరిగేసరికి వచ్చేసింది. కాకపోతే నట్టు బిగించినట్టు బిగిస్తాడు. "నా నెత్తేమన్నా బస్సు చక్రం అనుకున్నావా" అని అమ్మ తిడుతుంది. ఆయన పలకడు. చివర రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి, ఒకసారి లాగి చూసి వదులుతాడు.

ఇంకో పక్క నా సంగతి. నాలుగేళ్లు ఒక అబ్బాయితో ఉన్నాను. ఇద్దరికీ ఒకే రకం పాటలు, ఒకే రకం జోకులు, నందిబెట్ట ఎక్కే సరదా. నన్నెందుకు ఇష్టపడ్డావంటే ఇద్దరం చెరో పది కారణాలు చెప్పగలిగేవాళ్లం. డిసెంబరులో విడిపోయాం. గొడవ కూడా పడలేదు.

కారణాలన్నీ ఉన్న మాది నిలవలేదు. వాళ్లని అడిగితే ఒక్క కారణం చెప్పలేరు. ఇదేంటో ఎవరికన్నా అర్థమైతే చెప్పండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు · శుక్రవారం, రాత్రి 10:55

ముందే దండం పెడుతున్నా. "తెలుగువాళ్లు ఐ లవ్యూ అనరు, తిన్నావా అంటారు" అనే ఫార్వర్డ్ మెసేజ్ దయచేసి ఎవరూ ఇక్కడ పెట్టకండి.

న్యూరాన్_నాని · శుక్రవారం, రాత్రి 11:20

నేను ఈ ఊళ్లోనే మెదడు మీద పీహెచ్‌డీ చేస్తున్నా, కాబట్టి నా డ్యూటీ నేను చేస్తా.

2005లో హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఆరన్, లూసీ బ్రౌన్ వాళ్ల బృందం కొత్తగా పీకల్లోతు ప్రేమలో ఉన్న 17 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, ప్రేమించిన మనిషి ఫొటో చూపించింది. మెదడు అడుగున వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే చిన్న భాగం చురుకైంది. డోపమైన్ అనే రసాయనం పుట్టే చోటు అది, 'కావాలి కావాలి' అనిపించేది. అందుకే కొత్త ప్రేమలో సుఖం కంటే ఆకలి ఎక్కువ. తర్వాత, సగటున 21 ఏళ్లు కాపురం చేసి ఇప్పటికీ గాఢంగా ప్రేమిస్తున్నామని చెప్పినవాళ్లని చూస్తే వాళ్లలోనూ అదే చోటు పనిచేసింది. దానికి తోడు, తల్లికి బిడ్డని చూస్తే చురుకయ్యే భాగాలు కూడా.

ఇక ఆక్సిటోసిన్. 'ప్రేమ హార్మోన్' అని ఊరంతా తిరుగుతున్న పేరు. ప్రెయిరీ వోల్ అని ఎలుకలాంటి చిన్న జంతువు ఉంది. జంట కడితే ఇద్దరూ ఒకే గూట్లో ఉండి పిల్లల్ని పెంచుతాయి. ఆక్సిటోసిన్‌ని అందుకునే రిసెప్టర్‌ని మందుతో అడ్డుకుంటే జంట కట్టవని చాలా ఏళ్లు చెప్పుకున్నాం. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఆ రిసెప్టర్ జీన్ పుట్టుకతోనే లేకుండా చేసి చూస్తే, అవి మామూలుగానే జంట కట్టేశాయి. ఆ పేపరొచ్చిన రోజు మా ల్యాబ్‌లో అందరం టీ తాగుతూ నోరు మూసుకుని కూర్చున్నాం.

కడప_కారప్పొడి · శుక్రవారం, రాత్రి 11:31

బ్రో, మెదడులో ఎక్కడ వెలిగిందో చెప్పావు. ఆ ఒక్క ఫొటోకే ఎందుకు వెలిగింది, పక్కోడి ఫొటోకి ఎందుకు వెలగలేదు అని కదా ప్రశ్న?

న్యూరాన్_నాని · శుక్రవారం, రాత్రి 11:33

అది తెలిస్తే నాకు ఈపాటికి డిగ్రీ వచ్చేది.

పీజీ_పక్షి · శనివారం, ఉదయం 8:05

పక్కోడు అంటే గుర్తొచ్చింది. నా లెక్కలో ప్రేమని నిర్ణయించేది పీజీ ఓనరే.

నవ్వకండి. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అని ముగ్గురు అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు కాపురాలుండే క్వార్టర్స్‌లో ఎవరికి ఎవరు స్నేహితులో లెక్క తీశారు. ఒకే అంతస్తులో పక్కపక్క ఇళ్లవాళ్లలో 41 శాతం దగ్గరి స్నేహితులయ్యారు. అటు కొస, ఇటు కొస ఉన్నవాళ్లలో 10 శాతమే. మధ్యలో ఉన్నది నాలుగు గుమ్మాల దూరం! 1968లో జాయన్స్ అనే ఆయన ఇంకో మెట్టు ఎక్కి, ఊరికే పదే పదే కంటపడినా చాలు, ఇష్టం పెరుగుతుందని చూపించాడు. మనుషులే అక్కర్లేదు, అర్థం లేని మాటలైనా సరే.

మారతహళ్లిలో మా పీజీలో నాది త్రీ షేరింగ్. ఓనరు ఎవరో శ్రీకాకుళం అబ్బాయిని నా పక్క మంచం మీద పడేశాడు. మొదటి నెల వాడి గురక వింటే చంపాలనిపించేది. ఇప్పుడు వాడు ఊరెళ్తే నాకు నిద్ర పట్టదు. వాడిలో నాకు నచ్చిన గుణాలేంటో రాయమంటే అరపేజీ కూడా రాదు. ఆదివారం మెస్‌లో నా చికెన్ పక్కన పెట్టి ఉంచుతాడు, అదొక్కటి రాయగలను.

సెంటిమెంట్_వద్దు · శనివారం, ఉదయం 9:40

సగం కథ చెప్పి వదిలేస్తే ఎలా? 1976లో కాలిఫోర్నియాలో ఎబ్బెసెన్ వాళ్లు ఇళ్ల సముదాయాల్లో ఇదే పని చేస్తూ, మీకు గిట్టనివాళ్లెవరని కూడా అడిగారు. వాళ్లూ పక్కనే ఉన్నారు. దగ్గరుంటే ప్రేమా పుడుతుంది, పగా పుడుతుంది. మా ఊళ్లో పొలం గట్టు తగాదాలన్నీ పక్క పొలంవాళ్లతోనే. పై ఊరివాడితో ఎవరికుంది?

అసలు నన్నడిగితే ప్రేమంటూ విడిగా ఏం లేదు. అవసరం ఉంది. ఆమెకి చెయ్యి విరిగింది, ఆయనకి వండిపెట్టే మనిషి కావాలి. పెద్ద పదాలు మనం తర్వాత తగిలించుకున్నాం.

ఇద్దరు_పిల్లల_తల్లి · శనివారం, ఉదయం 11:15

అవసరమే ప్రేమయితే హార్లో కోతి పిల్లలు వేరేగా ప్రవర్తించాలి కదండీ. 1950లలో హ్యారీ హార్లో తల్లుల నుంచి వేరుచేసిన రీసస్ కోతి పిల్లలకి రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగలది, పాల సీసా దానికే. ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది, పాలు లేవు. పిల్లలు ఆకలేసినప్పుడు తీగల తల్లి దగ్గరికెళ్లి తాగి, రోజంతా గుడ్డ తల్లినే కరుచుకుని ఉండిపోయాయి. తిండి పెట్టేవాళ్లనే బిడ్డ ప్రేమిస్తుందని అప్పటిదాకా పెద్ద పెద్ద ప్రొఫెసర్లే అనేవాళ్లు. ఆ కోతి పిల్లల ఫొటోలు చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది, అది వేరే విషయం. అలాంటి ప్రయోగం ఇప్పుడు చేయనిస్తారని నేననుకోను.

మా చిన్నోడు డేకేర్‌లో మొదటి వారం ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. అక్కడి ఆయా నా పాత చున్నీ ఒకటి తెమ్మంది. ఉతికింది తీసుకెళ్తే, "ఇది కాదు మేడమ్, మీరు కట్టుకుని విప్పింది" అంది. అది ఇచ్చాక ఊరుకున్నాడు. వాడికి అక్కడ పాలు, అన్నం, బొమ్మలు అన్నీ ఉన్నాయి.

తిరుపతి_మాస్టారు · శనివారం, మధ్యాహ్నం 12:50

'సెంటిమెంట్ వద్దు' గారు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయితో చెప్పింది దాదాపు అదే. భర్త భర్త కోసమని ప్రియుడు కాడు, తన ఆత్మ కోసమే ప్రియుడవుతాడు. భార్య అయినా, బిడ్డలైనా అంతే. అయితే ఆయన అక్కడ చెబుతున్న ఆత్మ, మన బ్యాంకు ఖాతా ఉన్న 'నేను' కాదు. అందుకని దాన్ని స్వార్థం పద్దులో రాసేయకండి.

మన మాటలు చూడండి. 'మమకారం' అంటే 'నాది' అనుకోవడం. గొప్ప గుణమేం కాదు, వేదాంతులు వదిలించుకోమనే చెబుతారు. 'మచ్చిక' పశువులకి కూడా వాడే మాట, పదే పదే దగ్గరికి తీస్తే బెదురు పోవడం. 'చనువు', 'అభిమానం', 'బెంగ'. ఈ బెంగ అనేది మనిషి ఎదురుగా లేనప్పుడే తెలుస్తుంది. ప్రేమ ఎందుకని అడిగే ముందు ఇందులో ఏది అని అడగాలి. నంద్యాల అమ్మాయీ, మీ నాన్నగారిది మచ్చిక అనుకుంటాను. ముప్ఫై నాలుగేళ్ల మచ్చిక.

కడప_కారప్పొడి · శనివారం, మధ్యాహ్నం 2:10

మచ్చిక అయ్యేంత టైమ్ నాకు దొరకలేదు మాస్టారూ. నాది ట్రాక్టర్ మీద అయిపోయింది.

2022 సెప్టెంబరు వానలు గుర్తున్నాయి కదా. అవుటర్ రింగ్ రోడ్ చెరువైపోయి, ఐటీవాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకెళ్లిన రోజులు. యమలూరు వైపు నేనూ ఒకటి ఎక్కాను. మధ్యలో పెద్ద గుంటలో పడి ట్రాలీ ఒక పక్కకి ఒరిగింది. పక్కనున్న అమ్మాయి నా ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ పట్టుకుని "అమ్మో!" అంది. తెలుగు 'అమ్మో'! ఒడ్డుకి చేరేదాకా పట్టీ వదల్లేదు. బ్యాగుని నేనూ గట్టిగా పట్టుకున్నా, కంపెనీ ల్యాప్‌టాప్ మరి. మాకిప్పుడు ఏడాదిన్నర పాప.

న్యూరాన్_నాని · శనివారం, మధ్యాహ్నం 2:26

నీ కథ 1974లోనే అచ్చయింది బ్రో. డటన్, ఆరన్ అని ఇద్దరు. కెనడాలో కాపిలానో నది మీద లోయకి అడ్డంగా ఊగే తీగల వంతెన ఉంది. దాని మీద నడిచొచ్చే మగవాళ్లని ఒక అమ్మాయి ఆపి నాలుగు ప్రశ్నలడిగి తన ఫోన్ నంబరు ఇచ్చింది. తీసుకున్నవాళ్లలో సగం మంది తర్వాత ఫోన్ చేశారు. ఊగని, గట్టి వంతెన దగ్గర చేసింది ఇద్దరే. భయంతో కొట్టుకున్న గుండెని ఆమె కోసం కొట్టుకుందనుకున్నారట.

కడప_కారప్పొడి · శనివారం, మధ్యాహ్నం 2:29

మా ఆవిడకి చదివి వినిపించా. "అయితే ఆ రోజు డ్రైవర్ని చేసుకోవాల్సింది" అంది.

పీజీ_పక్షి · శనివారం, మధ్యాహ్నం 2:41

అయినా గుండె దడ ట్రాక్టర్ దిగిన అరగంటకి తగ్గిపోతుంది. ఆ తర్వాత మూడేళ్ల సంగతేంటి?

అత్తిలి_అమ్మమ్మ · శనివారం, సాయంత్రం 5:30

బాబూ, నేను వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఫోన్‌లో మాట్లాడితే అదే రాస్తోంది, తప్పులుంటే సర్దుకోండి. నాకు 67.

నా పెళ్లి 1977లో. పెళ్లిచూపుల్లో ఆయన కాళ్లు తప్ప ఏమీ చూడలేదు. ప్రేమ ఎప్పుడు వచ్చిందంటే తేదీ చెప్పలేను. ఆయన మహా లెక్కల మనిషి. రోజూ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని పైసాతో సహా పద్దు రాసేవారు. ఆ పుస్తకం మా అత్తగారు చూసేవారు, ఆవిడకి చదువొచ్చు. అందులో ప్రతి శుక్రవారం 'సైకిలుకు గాలి, 25 పైసలు' అని ఉండేది. "వీడి సైకిలుకి శుక్రవారం శుక్రవారమే గాలి పోతుందేమిటే" అని ఆవిడ నన్నే అడిగేవారు. అది నాకు తెచ్చే మల్లెపూలు. పూలొస్తాయి, పద్దులో గాలి పడుతుంది. ఆవిడ పోయిన తర్వాత కూడా ఆయన అలాగే రాశారు. ఎందుకండీ, ఇంక ఎవరు చూస్తారని అడిగితే, "అలవాటైపోయింది" అన్నారు.

ఆయన పోయి ఆరేళ్లయింది. నచ్చి చేసుకున్నానా అంటే కాదు. ఇప్పుడు సైకిలు గాలి పంపు చప్పుడు వినిపిస్తే మటుకు ఒక్క క్షణం ఆగిపోతాను. ఈ అపార్ట్‌మెంట్‌లో పిల్లల సైకిళ్లకి రోజూ ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు · శనివారం, సాయంత్రం 5:44

అమ్మమ్మగారూ, ఇది చదివి బస్సులో నా స్టాపు దాటిపోయింది.

సెంటిమెంట్_వద్దు · శనివారం, సాయంత్రం 6:20

బాగుంది, కాదనను. కానీ ఇక్కడి నుంచి "పెద్దలు కుదిర్చిన పెళ్లిలోనే అసలు ప్రేమ" అని మొదలవుతుంది చూడండి. 1982లో జైపూర్‌లో గుప్తా, సింగ్ చేసిన సర్వే పట్టుకుని మా బాబాయి ప్రతి ఫంక్షన్‌లో ఊదరగొడతాడు: ప్రేమ పెళ్లిళ్లలో ప్రేమ మొదట్లో ఎక్కువ, ఐదేళ్లు దాటాక కుదిర్చిన పెళ్లిళ్లలోనే ఎక్కువ అని. మొత్తం 50 జంటలు! 2012లో అమెరికాలోని మనవాళ్ల మీద చేసిన పరిశీలనలో రెండు రకాలకీ తేడా కనపడలేదు. బాబాయికి అది పంపితే నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

మోడరేటర్ · శనివారం, సాయంత్రం 6:25

ప్రేమ పెళ్లా, పెద్దల పెళ్లా అనే యుద్ధానికి వేరే థ్రెడ్ ఉంది, అందులో ఇప్పటికే 340 పోస్టులు. ఇక్కడ వద్దు.

నంద్యాల_పిల్ల · శనివారం, రాత్రి 9:50

అన్నీ చదివాను. పక్కపక్కన ఉంటే చాలదు, అది నాకు తెలుసు. మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం కాబట్టి.

ఒకటి గుర్తొచ్చింది. కిందటి ఆగస్టులో ఒక రాత్రి తలుపు కొడితే తీశాను. డెలివరీ అబ్బాయి మందుల కవరు ఇచ్చాడు. నేనేం ఆర్డర్ చేయలేదన్నాను. లోపలి గదిలోంచి అతను వచ్చి తీసుకున్నాడు. అప్పటికి రెండు రోజులుగా 102 జ్వరం. నాకు ఆ వారం రిలీజ్ టెన్షన్ ఉందని చెప్పలేదట. "నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను అప్పుడు. నేనూ అంతే, మా అమ్మమ్మ పోయినప్పుడు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను, అతనికి మీటింగ్ ఉందని. నాలుగేళ్లలో ఒకరికొకరం ఏ పనీ చెప్పుకోలేదు. ఖర్చు కూడా యాప్‌లో సరిగ్గా సగం సగం.

మా అమ్మయితే కట్టు వేసిన గంటకే "నీళ్లు తే, ఫ్యాన్ తగ్గించు, ఆ దిండు ఇటు కాదు అటు" అని నాన్నని పరిగెత్తించింది.

న్యూరాన్_నాని · శనివారం, రాత్రి 10:15

అక్కా, దీనికి దగ్గరగా ఒకటుంది. 1969లో జెకర్, లాండీ అని ఇద్దరు ఒక పోటీ పెట్టి, అందులో పాల్గొన్నవాళ్లు డబ్బు గెలుచుకునేలా చేశారు. తర్వాత కొందరిని పరిశోధకుడు స్వయంగా కలిసి, ఇది నా సొంత డబ్బు, సాయం చేసినట్టు వెనక్కి ఇస్తారా అని అడిగాడు. ఇచ్చేశారు. చివర్లో ఆయన ఎలాంటివాడని అడిగితే, ఆయన ఏమీ అడగనివాళ్ల కంటే డబ్బు వెనక్కి ఇచ్చినవాళ్లే ఆయన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. మనకి మేలు చేసినవాళ్ల మీద ఇష్టం పుడుతుందనుకుంటాం. మనం ఎవరికి మేలు చేశామో వాళ్ల మీదా పుడుతోంది.

ఇద్దరు_పిల్లల_తల్లి · శనివారం, రాత్రి 10:32

ఆగు తమ్ముడూ. చేసిపెడితే ప్రేమ పుట్టేటట్టయితే మా అత్తగారి మీద నాకు ఎప్పుడో పొంగిపొర్లాలి. పదకొండేళ్లుగా పొద్దున ఆరింటికి ఆవిడకి రాగి జావ కాస్తున్నాను. ఇలాంటి మాటలు చెప్పి ఆడవాళ్ల చేత జీవితాంతం చాకిరీ చేయించారు.

న్యూరాన్_నాని · శనివారం, రాత్రి 10:36

నిజమే అక్కా. ఆ ప్రయోగంలో కూడా సెక్రటరీ వచ్చి డిపార్ట్‌మెంట్ తరఫున అడిగినప్పుడు అలా జరగలేదు. కాదనే వీలుండి, మనిషి మనిషిని అడిగితేనే.

అత్తిలి_అమ్మమ్మ · ఆదివారం, ఉదయం 6:10

జావ ఆవిడ ఏనాడైనా అడిగి తాగిందా తల్లీ, లేక బల్ల మీద కనపడితే తాగుతుందా?

ఇద్దరు_పిల్లల_తల్లి · ఆదివారం, ఉదయం 7:02

కనపడితే తాగుతారండి. కనపడకపోతే మా ఆయన్ని అడుగుతారు.

పీజీ_పక్షి · ఆదివారం, ఉదయం 9:15

నంద్యాల అక్కా, ఇవన్నీ సరే. డైరెక్టుగా నాన్నగారినే అడిగేయొచ్చు కదా?

నంద్యాల_పిల్ల · ఆదివారం, ఉదయం 11:40

అడిగాను. టిఫిన్ దగ్గర, "నాన్నా, నీకు అమ్మంటే ఎందుకిష్టం?" అని. ఆయన నన్ను కాసేపు చూసి, అమ్మ వైపు తిరిగి, "దీనికేమన్నా ఆఫీసులో ఇబ్బందా?" అన్నాడు. అమ్మ, "పెళ్లి చేయకుండా ఉంచితే ఇట్లే ఉంటాది" అంది. అక్కడితో నా ఇంటర్వ్యూ అయిపోయింది.

తిరుపతి_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 12:05

అమ్మగారి చెయ్యి ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారు?

నంద్యాల_పిల్ల · ఆదివారం, మధ్యాహ్నం 12:30

చెప్పడం మరిచాను మాస్టారూ, మంగళవారమే విప్పేశారు. ఎక్స్‌రే బాగుంది, అన్ని పనులూ మెల్లగా చేసుకోవచ్చన్నారు. బుధవారం రాత్రికి ఇద్దరూ ఊరెళ్తున్నారు.

ఈరోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ కుడిచేత్తోనే చపాతీ పిండి పిసుకుతోంది. అరగంటయ్యాక హాల్లోకి వస్తే కుర్చీలో కూర్చుని ఉంది, వెనక నాన్న దువ్వెనతో. "చెయ్యి బానే ఉంది కదమ్మా" అన్నాను. "పైకెత్తితే ఇంకా లాగుతోందే" అంది. నాన్న ఏమీ అనలేదు. మూడో పాయ అటు నుంచి తెచ్చాడు.

కడప_కారప్పొడి · ఆదివారం, మధ్యాహ్నం 12:34

బుధవారం బస్సు ఎక్కడెక్కుతున్నారు అక్కా? టిన్ ఫ్యాక్టరీ అయితే మెట్రో పని వల్ల పికప్ కొంచెం ముందుకి మార్చారు, డ్రైవర్‌కి ఒకసారి ఫోన్ చేసుకోండి.